అచ్చుతప్పు

సీసం కరిగింది.
పైన తెట్టు కట్టింది. పాల మీద మీగడలా అనలేను,
మార్చి నెలలో మిల్క్ రివర్ మీది మురికి మంచులా.
గోరంత తేనెమైనం వేసి కలిపితే
షెడ్డంతా పొగ, దగ్గు. తలుపు బార్లా తీస్తే
మోంటానా గాలి దూసుకొచ్చి
నా నోటుబుక్కు నాకంటే ముందు చదివేసింది.

ఇందులో సగం ఆన్స్‌గార్ ట్వైట్ టైర్ల కొట్టులో
చక్రాలకు బరువు కట్టి, ఊడబీకిన ముక్కలు.
సగం నా పాత ఉద్యోగం.
మా ఊరి వారపత్రిక మూతపడుతూ
జీతం బాకీ కింద అంటగట్టిన లైనోటైప్ లోహం.
పెళ్ళిళ్ళు, గోధుమ ధరలు, వడగళ్ళ నష్టాలు,
చర్చి విందుకి ఎవరు ఏ కేకు తెచ్చారో.
ముప్పై ఆరేళ్ళ వార్తలు
గరిటెలో ఇప్పుడు ఒకటే రంగు.

మూస చల్లగా ఉంటే తూటా ముడతలు పడుతుంది,
నా మోచేయిలా.
మరీ కాగితే బూజు పట్టినట్టు తెల్లబారుతుంది.
పదో పదిహేనో పోతలయ్యాక
ఆ నడిమి వేడి చేతికి తెలుస్తుంది.
ఎలాగని అడిగితే నా దగ్గర జవాబు లేదు.
కొయ్య సుత్తితో ఓ దెబ్బ,
మడిచిన తువ్వాలు మీద టప్పున ఒకటి,
చిటికెనవేలి కొసంత.
భూతద్దం పెట్టి అడుగంచు చూస్తాను.
ప్రూఫు దిద్దే అలవాటు చావలేదు.
అంచు మొద్దుబారిందా, అచ్చుతప్పు. మళ్ళీ కుండలోకి.
ఎంత హాయి!
పత్రికలో ఈ సదుపాయం లేదు.

చిన్న గొట్టం మహా పెంకిది.
పెద్ద తుపాకి చూసీచూడనట్టు వదిలేసే తప్పు
ఇది పట్టుకుని సాధిస్తుంది.
వేగం పెంచితే గొట్టం లోపల సీసం పూత.
తగ్గిస్తే తూటాలు తాగొచ్చినవాళ్ళలా
కాగితంలోకి పక్కవాటుగా దూరతాయి.
తుపాకిమందు మార్చాను. మైనం మార్చాను.
తూటాని వెంట్రుకవాసి ముందుకు జరిపాను.
యాభై గజాల్లో ఐదు చిల్లులు,
బస్సు కోసం నిలబడ్డ ముక్కూమొహం తెలియని ఐదుగురిలా.

"మూడూ ఒకేసారి మార్చి ఏం తెలుసుకుంటావ్?"
ఫ్లాస్కు మూతలో కాఫీ ఊదుకుంటూ ట్వైట్ అన్నాడు.
"ఒకసారికి ఒక్కటి."
అప్పట్నుంచే నోటుబుక్కు.
తేదీ, గాలి, ఒకే ఒక్క మార్పు.

జింకనీ కొట్టను, నేల ఉడతనీ కొట్టను.
సీసంతో కాగితం మీద గుర్తులు పెట్టడం,
నాకు వచ్చిన పని అదొక్కటే.

నిన్న లోహం డబ్బా అడుగున
కరగని లైనొకటి దొరికింది.
దొరికింది అనడం అబద్ధం. అక్కడుందని నాకు తెలుసు.
తిరగబడ్డ అక్షరాలు. నాకు అద్దం అక్కర్లేదు.
"రోల్ఫ్ హాగెన్, వయసు 90."
వాడికి తొమ్మిది.
కాలవ మీద మంచు విరిగింది.
నా వేలు ఒక సున్నా ఎక్కువ నొక్కింది.

వాడి తల్లి సోల్వే
పత్రిక మడిచి చంకలో పెట్టుకుని వచ్చింది.
తిట్లకి సిద్ధపడి లేచి నిలబడ్డాను.
ఆ లైను మీద వేలు పెట్టి,
"నువ్వేసిందే నిజమైతే ఎంత బావుండేది" అంది.
పై వారం సవరణ వేశాం.
అదీ నేనే కంపోజ్ చేశాను, రెండుసార్లు సరిచూసి.

గరిటె పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో,
కుండలో సీసం ఊదారంగుకి తిరిగింది.
లైను జేబులో వేసుకున్నాను.
నడుస్తుంటే తొడకి తగులుతోంది.

ఇవాళ పొద్దున గాలి లేదు.
ఈ ఊళ్ళో అది వార్తే.
మందు పావు గ్రెయిన్ తగ్గించాను, ఇంకేదీ ముట్టుకోలేదు.
నాలుగు తూటాలు ఒకదాన్నొకటి కొరుక్కుంటూ
ఒకటే చిరుగు, పావలా బిళ్ళ కింద దాగేంత.
ఐదోది రెండంగుళాలు ఎడంగా, ఒంటరిగా.
లోపల గాలి బుడగో, నా గుండె దడో, ట్వైట్ దగ్గో.

"దాన్ని తీసెయ్. రికార్డు కొట్టావ్ పో" అన్నాడు ట్వైట్.
బుక్కులో రాశాను:
గాలి లేదు. నాలుగు కలిశాయి. ఒకటి పక్కకి.
కొలత మాత్రం
ఐదింటికీ వేశాను.